ముల్లు కదిలితే చాలు

ఇట్లా రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గడప మీద కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి రండి. నేను చెప్పబోయేది గట్టిగా చెప్పే మాట కాదు. ఏ ఆఫీసరు చెవిన పడినా బాగుండదు.

మాట ఇదీ: మీటరు అన్నాక అది అబద్ధమే చెప్పాలి! నిజం చెప్పే మీటరు కొంపలు ముంచుతుంది. కాంట్రాక్టులు ఊడగొడుతుంది. పెద్ద పెద్ద సార్లకు నిద్ర లేకుండా చేస్తుంది. అదే అబద్ధం చెప్పే మీటరైతే ఇంటిల్లిపాదికీ చల్లగా ఉంటుంది. అటువంటి మీటరు దొరకడం అదృష్టం!

నవ్వుతున్నారా? నవ్వండి. బర్నబా లారీ సంగతి విన్నాక ఇంకా నవ్వు మిగిలి ఉంటే అప్పుడు మాట్లాడదాం.

బర్నబా సంగారెడ్డిలో మా వాడ మనిషే. సొంత లారీ ఆసామి. సొంత లారీ అనగానే కొత్త బండి అనుకునేరు! నిజాం సర్కారు పోయిన కొత్తలో రోడ్డెక్కిన బండి అది. మూతి ముందుకు పొడుచుకుని ఉండేది. ముందు రేకు మీద ‘ప్రభువు నా తోడు’ అని రాయించాడు. మంజీరలో ఇసుక నింపుకోవడం, బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు దాకా పోవడం, అక్కడ కడుతున్న ఫ్యాక్టరీలో కుప్ప పోసి రావడం దాని పని. ఆ రోజుల్లో పటాన్‌చెరు దిక్కు ఎటు చూసినా పునాదులే. పునాదికి ఇసుక కావాలి. ఇసుకకు లారీ కావాలి. లారీకి బర్నబా కావాలి.

మరి బర్నబాకు ఎవరు కావాలి? సాయమ్మ కావాలి. ఆయన భార్య. ఇసుక ఎత్తే ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద. నోరు కొంచెం పెద్దది, ఆ నోటికి తగ్గ మనిషే. మిగతా ఆడవాళ్ళు వెనక ఇసుక మీద కూర్చుంటే ఈమె ముందు, మొగుడి పక్క సీట్లో కూర్చునేది.

ఎందుకంటే ఆ బండికి మీటరు ఆమే!

హాస్యం కాదు. ఆ బండి ముందుపలక మీద మీటర్లకేం తక్కువ లేదు. కాని ఏ ముల్లూ కదలదు. స్పీడు ముల్లు సున్నా మీద తల పెట్టి పడుకుని ఎన్నేళ్ళయిందో బర్నబాకే గుర్తు లేదు. ఇంకో అద్దం వెనక సాలీడు ఇల్లు కట్టుకుని పిల్లాపాపలతో ఉండేది. అందుకని సాయమ్మ చెప్పులు విడిచి, ఇంజను పక్క రేకుకు అరికాలు ఆనించి కూర్చునేది. ఇంజను ఎంత కాగిందో ఆ కాలికి తెలుస్తుంది. “ఇగ ఆపు, కాలు కాలుతున్నది” అంటే బర్నబా మారు మాట్లాడకుండా బండి పక్కకు తీసి, రేడియేటరు మూత చల్లబడే దాకా ఆగి, నీళ్ళు పోసేవాడు. డీజిల్ చూడాలంటే ట్యాంకులో వెదురుపుల్ల ముంచి తీసేది. ఇక స్పీడంటారా, వెనక ఆడవాళ్ళ పాట వినేది. పాట సాఫీగా వస్తే సరైన స్పీడు. గుంటల్లో పడి పాట తెగి తెగి వస్తే ఎక్కువైనట్టు.

ఆమె మాట ఎప్పుడూ తప్పదని నేననను. ఒకసారి వెదురుపుల్లకు ముందురోజు తడి ఆరలేదు. దాన్ని చూసి డీజిల్ బోలెడుంది పదమంది. కంది ఊరి దగ్గర బండి ఆగిపోయి పొద్దు గూకేదాకా రోడ్డు మీదే ఉన్నారు. ఆ తప్పు కూడా బర్నబాదేనని ఆమె నిరూపించింది లెండి.

అట్లా సాగుతున్న సంసారంలోకి కామరాజు వచ్చాడు. ఫ్యాక్టరీలో బండ్ల ఆఫీసరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. వచ్చిన కొత్తలోనే ఎవరిదో లారీ డీజిలైపోయి సరిగ్గా గేటులో ఆగింది. వెనక ఎవరి కారుందనుకున్నారు? పెద్ద దొరగారిది! పెద్ద దొర ఎండలో నిలబడ్డాడు. పెద్ద దొర చెమట తుడుచుకున్నాడు. ఆ చెమట ఆరకముందే రూలు పుట్టింది: మీటర్లు పనిచేయని బండికి గేటు లోపలికి ప్రవేశం లేదు.

బర్నబా బండి ఇసుక బరువుతో గేటు ముందు ఆగింది. కామరాజు లోపలికి తొంగి చూశాడు. సాలీడు కూడా ఆయన్ను చూసింది.

“సారూ, ముళ్ళు లేకపోతేంది, మా ఆమె ఉన్నది,” అన్నాడు బర్నబా. “ఇంజనెంత కాగిందో, డీజిలెంతున్నదో అడుగుండ్రి, చెప్తది.”

కామరాజు సాయమ్మ కాలు చూశాడు. రేకు చూశాడు. “ఈమెను డాష్‌బోర్డుకు బోల్టులేసి బిగించావా? రేపు ఈమె పుట్టింటికి పోతే మీటర్లు పుట్టింటికి పోయినట్టా?”

“నేను పుట్టింటికి పోయిన నాడు బండి కదలనే లేదు సారు,” అంది సాయమ్మ. “కావాల్నంటే మా అమ్మనడుగుండ్రి.”

ఆయన వాళ్ళమ్మను అడగలేదు. వచ్చే సోమవారం తాను మళ్ళీ చూస్తానన్నాడు. ముళ్ళు కదలాలి. కదలకపోతే ఆ బండి మళ్ళీ ఆ గేటు దగ్గర కనపడకూడదు.

ఇది చిన్న సంగతి కాదు. ఆ ఒక్క గేటు మూసుకుంటే అంత పాత బండిని ఇంకెవరు పిలుస్తారు? లారీ తుక్కులోకి పోతుంది. దాని వెనకే మొగులమ్మ గంప, బీరమ్మ గంప, ముఠాలో అందరి గంపలూ బోర్లా పడతాయి. ఆ ఆదివారం చర్చిలో బర్నబా చేసిన ప్రార్థన ఎంత పొడుగుందంటే, వెనక వరుసలో కూర్చున్నవాళ్ళు రెండుసార్లు ఆమెన్ అన్నా ఆయన ఆపలేదు.

దేవుడు విన్నాడు. వెంటనే కమాలుద్దీన్‌కు అప్పజెప్పాడు.

సంగారెడ్డి చౌరస్తా దాటాక బొంబాయి రోడ్డు పక్కన కమాలుద్దీన్ షెడ్డు ఉండేది. బండ్లు బాగుచేస్తాడు, బాగుకాని బండ్లను విప్పి తుక్కు అమ్ముతాడు. ఆ నెలలోనే ఒక కొత్త లారీ ఉల్లిగడ్డల లోడుతో మలుపులో పల్టీ కొట్టింది. డ్రైవరుకు గీత పడలేదు. లారీ మాత్రం పనికిరాకుండా పోయింది. దాని మీటర్ల పలక చెక్కు చెదరకుండా కమాలుద్దీన్ దగ్గరుంది. ఇంకా ఉల్లి వాసన పోలేదు, అంతే.

ఆ పలకను ఈ ముసలి బండికి బిగించే పని చూడాలి మీరు! పాత మీటర్ల బొక్కలు గుండ్రం. కొత్త పలక నలుచదరం. గుండ్రాన్ని కత్తిరించి నలుచదరం చేశాడు. ఎక్కువ కత్తిరించాడు. మిగిలిన సందుకు నూనె డబ్బా రేకు కొట్టాడు. ఇక వైర్లు. ముసలి బండికి నాలుగు వైర్లుంటే, ఆ పలక వెనక నుంచి గుప్పెడు బయటికొచ్చాయి. ఆ రంగులకూ ఈ రంగులకూ చుట్టరికం లేదు. కమాలుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. కలిసినవి కలిపాడు. కలవనివాటిని ఒక గుడ్డపేలికతో మూటగట్టి వెనక్కి తోసి, ఇవన్నీ కొత్త బండ్ల నఖరాలన్నాడు. సాలీడు మాత్రం ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

బండి స్టార్ట్ చేశారు. ముళ్ళు లేచాయి! అన్నీ లేచాయి!

కాని ఎట్లా లేచాయి? ట్యాంకులో డీజిల్ అడుగంటితే ముల్లు ఫుల్లు అంటుంది. నిండా పోస్తే ఖాళీ అంటుంది. ఇంజను వేడి చెప్పే ముల్లు చలికాలంలో ముసలమ్మలా మూలకు ముడుచుకుంది. హారన్ కొడితే మాత్రం గభాలున నెత్తి మీదికి ఎగిరి, హారన్ ఆపగానే మళ్ళీ ముడుచుకుంటుంది. స్పీడు సంగతి ఇంకో తమాషా. రోడ్డు పక్క మైలురాళ్ళు పీకేసి కిలోమీటరు రాళ్ళు పాతుతున్న కాలం అది. పాత పలక పనిచేసిన రోజుల్లో మైళ్ళు లెక్కపెట్టేది, కొత్త పలక కిలోమీటర్లు. ఎప్పుడూ ఇరవై అయిదు మైళ్ళ మీద పాకే బండి ఆ రోజు నలభై మీద పరిగెత్తింది! తిరిగిన దూరం చూపించే అంకెలు కూడా పల్టీ కొట్టిన బండివే కనుక లారీకి ఒక్క పూటలో వయసు తగ్గింది. ఇంత మేలు ఏ డాక్టరు చేయగలడు?

బర్నబా మాత్రం బెదిరిపోయాడు. “కమాల్ భాయ్, ఇవన్నీ ఉల్టా చెప్తున్నయి గద.”

“ఆఫీసరేమన్నడు? ముల్లు కదలాలన్నడు.”

“అవ్.”

“నిజం చెప్పాలన్నడా?”

బర్నబా ఆలోచించాడు. “అనలే.”

“మరి ఇగ పో. చెప్పని పని నేను చెయ్య.”

ఎంత న్యాయమైన మాట! పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఉద్యోగం చేసేది ఈ సూత్రం మీదే కదా?

సోమవారం కామరాజు సీటెక్కి కూర్చున్నాడు. అప్పటికి ట్యాంకులో డీజిల్ అడుగున తడి మాత్రమే ఉంది. ముల్లు ఫుల్లు మీద నిలబడింది. ఆయన మొహం వెలిగింది. నిండు ట్యాంకుతో వచ్చిన మొదటి లారీ ఇదేనని, క్రమశిక్షణ అంటే ఇట్లా ఉండాలని మిగతా డ్రైవర్లను పిలిచి చూపించాడు. తర్వాత హారన్ కొట్టాడు. వేడి ముల్లు ఎగిరింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎగిరింది. ఇంకొకరైతే మీటరును అనుమానిస్తారు. ఆయన ఆఫీసరు కనుక హారన్‌ను అనుమానించాడు. హారన్ కొడితే ఇంజను వేడెక్కుతుందని కనిపెట్టాడు! వారం తిరగకముందే గేటు దగ్గర బోర్డు వెలిసింది: ‘హారన్ మోగించరాదు. ఇంజనుకు హాని.’

అద్దం మీద గుండ్రటి ముద్ర పడింది. బర్నబా సలాం చేసి, బండి తీసుకుని గేటు దాటి, మలుపు తిరిగాడో లేదో బండి ఆగిపోయింది. డీజిల్ లేదు. అయితేనేం? ఆఫీసరు కంటికి కనపడని చోట ఆగింది. క్రమశిక్షణ అంటే ఇదే!

ఇక ఆ మీటర్లు చేసిన మేళ్ళు ఎన్నని చెప్పను? నలభై మీద పోయే డ్రైవరని బర్నబాకు చర్చిలో ముందు వరుసలో చోటు దొరికింది. వేగం తగ్గించే బుద్ధి ఇవ్వమని పాస్టరుగారు ఆయన కోసం ప్రత్యేకంగా ప్రార్థించారు. ఎడ్లబండి ఒకటి ఆయన్ను దాటిపోయిన రోజు కూడా ప్రార్థించారు. వెనక ఇసుక మీద హాయిగా నిద్రపోయే మొగులమ్మకు నలభై అని తెలిసిన నాటి నుంచి కళ్ళు తిరగడం మొదలైంది. అదే బండి, అదే రోడ్డు, అదే నడక. అంకె మారితే కడుపులో కూడా తిప్పుతుందని మనకు ఎవరు చెప్పారు?

అన్నిటికన్నా పెద్ద వింత బర్నబాకు జరిగింది. పలక బిగించినప్పుడు అది అబద్ధమని ఆయనకు తెలుసు. కళ్ళారా చూశాడు. కాని ముద్ర పడ్డాక నెమ్మదిగా నమ్మడం మొదలుపెట్టాడు! ఆఫీసరే ఎక్కి చూసి సరే అన్నాక అది అబద్ధం ఎట్లా అవుతుందని ఆయన తర్కం. డీజిల్ ముల్లు తిరగేసి చెప్తుందని మాత్రం గుర్తుంచుకున్నాడు. వేడి ముల్లుకు ఏ వంకా పెట్టలేదు. హారన్ కొట్టడం మానేశాడు. ముల్లు చల్లగా పడుకునే ఉంది. ఎంత చల్లటి ఇంజను!

ఎండాకాలం వచ్చింది. ఒకనాడు కంది దాటుతుండగా సాయమ్మ అంది: “కాలు కాలుతున్నది.”

బర్నబా ఆమె వైపు చూడలేదు. పలక చూశాడు. “సల్లగనే ఉన్నది.”

“నా కాలు సల్లగున్నదా?”

“ముల్లు సల్లగున్నది. ముద్రేసిన ముల్లు.”

సాయమ్మ రేకు మీంచి కాలు తీసేసింది. ఆమె కాలు తీయడం అంటే ఏమిటో ఇంతకు ముందైతే బర్నబాకు తెలిసేది. ఆమెకు అరికాలి మంట పెద్దగా పట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆ కాలు చెప్పినప్పుడల్లా ఈయన ఆగాడు. ఇవాళ ఆగలేదు. రోడ్డు మీద రాళ్ళు అట్లాగే వెనక్కి పోతున్నాయి.

“ఆపు,” అంది.

“ఎందుకు?”

“దిగుత. ముద్రేసినోణ్ణే పక్కకు కూసోబెట్టుకో.”

దిగింది. వెనక్కి పోయి ఇసుక మీదికెక్కింది. మొగులమ్మ జరిగి చోటిస్తూ ఏమైందక్కా అంటే, మీ బావకు కొత్త పెండ్లాం వచ్చింది, దానికి అద్దాలున్నయి అని చెప్పింది. ఆడవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.

తడి ఇసుక కాలికి చల్లగా తగిలింది. హాయిగా ఉండాలి. కాని రుద్రారం దాటాక ఆమె ముక్కుకు కాలిన వాసన తగిలింది. పాట ఆపమంది. కింద ఇంజను మోత మారింది. లేచి నిలబడి, ముందు రేకు కప్పు మీద రెండు చేతులతో దబదబా కొట్టింది. లోపల బర్నబా ఏమనుకున్నాడు? ముల్లు నలభై దాటింది కదా, ఆడవాళ్ళు భయపడుతున్నారనుకున్నాడు! మీసం దువ్వుకుని ఇంకొంచెం తొక్కాడు.

ఇస్నాపూర్ రాకముందే బండి మూతి నుంచి ఆవిరి లేచింది. రోడ్డు కనపడలేదు. ఎట్లాగో పక్కకు తీసి ఆపాడు. ఆపి, ఏం చేశాడు? దిగలేదు. ముందు ముల్లు చూశాడు. అది చల్లగా పడుకునే ఉంది.

సాయమ్మ పరుగున వచ్చేసరికి ఆయన మూత విప్పబోతున్నాడు. ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని ఇవతలికి లాగింది. విప్పి ఉంటే మొహం ఉడికిపోయేది. ఇంజను బిగుసుకుని పట్టేసిందో, ఇంకా ప్రాణం ఉందో తెలియదు. పట్టేస్తే కథ ముగిసినట్టే. లారీ కమాలుద్దీన్ షెడ్డుకు, ఆ చతురస్రపు పలక ఇంకో ముసలి బండికి పోతాయి.

రోడ్డు దిగితే వాగు ఉంది. ఆడవాళ్ళు కుండలు తీసుకుని దిగారు. ముందు తాము కడుపునిండా తాగారు, మొహాలు కడుక్కున్నారు. ఆ వాగు నీళ్ళు అప్పట్లో అంత బాగుండేవి, ఇది గుర్తు పెట్టుకోండి. తర్వాత కుండలు నింపుకొచ్చి నీడలో పెట్టారు. ఇంజను చల్లబడేదాకా సాయమ్మ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రేకు మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి పొయ్యమంది. కొద్దికొద్దిగా పోశారు. బర్నబా కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు.

బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. అందుకుంది!

ఇసుక ఆడవాళ్ళు కేక వేశారు. బర్నబా వేయలేదు. భుజం మీది తువ్వాలు తీసి పక్క సీటు దులిపాడు. ఇంజను పక్క రేకు మీద మసి తుడిచాడు.

“సాయమ్మా, ఎక్కు.”

“ముల్లునడుగు.”

“అడిగిన. అది నాతోని మాట్లాడతలేదు.”

“నేనూ మాట్లాడ.”

మాట్లాడననే మాట పటాన్‌చెరు దాకా చెబుతూనే ఉంది, పక్క సీట్లో కూర్చుని, రేకుకు కాలు ఆనించి.

చూశారా? అదే నిజం చెప్పే మీటరై ఉంటే ఏమయ్యేది? బర్నబా దాన్నే చూసుకుంటూ బతికేవాడు. సాయమ్మ ఇసుక మీదే ఉండిపోయేది. అబద్ధం చెప్పబట్టే ఆ మొగుడికి పెళ్ళాం మళ్ళీ కనపడింది. ఆ తర్వాత ఆ పలక ఆ బండికే ఉంది. తీస్తే గేటు మూసుకుంటుంది కదా. ముల్లు ఆఫీసరుకు, కాలు బండికి. ఎవరి మీటరు వాళ్ళది! ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఇంకొకటుందా?

కథ ఇక్కడ ఆపేస్తే నా వాదన నెగ్గినట్టే. కాని నాకు మతిమరుపు లేకపోవడం ఒక జబ్బు.

కొన్నేళ్ళు గడిచాయి. బర్నబా పోసిన ఇసుకతోనే ఫ్యాక్టరీ లేచి నిలబడింది. గోడ కింది నుంచి ఒక గొట్టం, ఆనాడు ఆడవాళ్ళు నీళ్ళు తాగిన ఆ వాగులోకే వచ్చింది. వాగు రంగు మారింది. చేపలు తెల్ల కడుపులు పైకి పెట్టి తేలాయి. బర్రెలు ఒడ్డు దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి తిరిగాయి. ఊరివాళ్ళు పోయి మొరపెట్టుకున్నారు. ఫ్యాక్టరీవాళ్ళు నీళ్ళ సంగతి తేల్చడానికి ఒక పెద్ద ఆఫీసరును జీపులో పంపారు.

ఎవరనుకున్నారు? కామరాజే! మీటర్ల మీద అంత పట్టున్న మనిషికి ప్రమోషన్ రాకుండా ఉంటుందా?

ఆయన జీపులోంచి ఒక పెట్టె దింపించాడు. దానికి అద్దం, అద్దంలో ముల్లు. తీగ చివర కడ్డీ ఉంటే దాన్ని వాగులో ముంచాడు. ముల్లు కదిలింది. కదిలి, ఆకుపచ్చ గీత మీద నిలబడింది. నీళ్ళు మంచివేనని, అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి ముల్లు చూసుకోవచ్చునని చెప్పాడు. ఒక్కొక్కరే వంగి చూశారు. ఆకుపచ్చ మీదే ఉంది మరి!

అటుగా పోతున్న బర్నబా, సాయమ్మ కూడా లారీ ఆపి ఆ గుంపులోకి వచ్చారు. సాయమ్మ పెట్టె దగ్గరికి పోలేదు. చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వాగులోకి దిగి, నిలబడింది. ఎన్ని వేసవులు ఆ వాగులో కాళ్ళు పెట్టి కూర్చుందో ఆమెకే తెలియదు. నిలబడి, కాసేపటికి తల ఎత్తింది.

“సారు, కాలు కాలుతున్నది.”

కామరాజు ఓపికగా అద్దం వైపు వేలు చూపించాడు. “చూడమ్మా. ముల్లు చల్లగానే ఉంది.”

సాయమ్మ నీళ్ళలోంచే మెడ చాచి పెట్టెను అటూ ఇటూ చూసింది. నూనె డబ్బా రేకు ఎక్కడైనా కొట్టి ఉందేమోనన్నట్టు చూసింది.

“ఇది బిగించిందెవరు సారు?” అని అడిగింది. “మా కమాలుద్దీన్ భాయేనా?”

జనం నవ్వారు. జీపు పోయింది. ముల్లు కూడా జీపులోనే పోయింది. వాగు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ గుంపులో పెట్టెలోకి తొంగి చూడనివాడు ఒకడే ఉన్నాడు. “సాయమ్మా, ఇగ బయటికి రా,” అని చెయ్యి ఇచ్చి, ఒడ్డు మీద కూర్చోబెట్టి, భుజం మీది తువ్వాలుతో ఆమె అరికాళ్ళు తుడిచాడు. ఎర్రగా ఉన్నాయి.

అదండీ సంగతి. ఇది మీ దగ్గరే ఉంచుకోకండి. మీ వాడలో, మీ పిల్లలకు, మీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు లారీ మోడలు మరిచిపోయినా పర్వాలేదు. ఉల్లిగడ్డలు మరిచిపోయినా పర్వాలేదు. ముల్లు ఏ రంగు మీద నిలబడిందో అసలే అక్కర్లేదు. కాలు కాలుతున్నదని ఒక మనిషి అంది. అది మాత్రం మరవకుండా చెప్పండి.